కాయిల్ మార్చినా స్పార్క్ ఎర్రగానే ఉంది, ఎవరి మాట వినాలి?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. వాళ్ల నాన్నగారు వాడిన పాత బండి ఇప్పుడు ఆయన చేతికొచ్చింది. సింగిల్ సిలిండర్, ఫోర్ స్ట్రోక్, 12 వోల్టుల బ్యాటరీ, ప్లగ్‌కు స్పార్క్ పుట్టించే కాయిల్, ఆ కాయిల్ కరెంటును కలుపుతూ తెగ్గొడుతూ ఉండే సీబీ పాయింట్లు. పొద్దున రెండు కిక్కులకే స్టార్టవుతుంది. ఇరవై నిమిషాలు నడిచాక కొట్టుకోవడం మొదలుపెట్టి ఆగిపోతుంది. అరగంట చల్లారితే మళ్లీ మామూలే. రాత్రి హెడ్‌లైట్ వేస్తే ఆ ఇరవై నిమిషాలు కూడా నడవదు. ప్లగ్ తీసి చూస్తే స్పార్క్ సన్నగా, ఎర్రగా ఉంది.

ప్లగ్ రెండుసార్లు మార్చారు. తర్వాత కాయిల్ మార్చారు. కొత్త కాయిల్ వేసిన మొదటి రెండు రోజులు స్పార్క్ నీలంగా, చిటచిటమంటూ వచ్చింది. వారం తిరిగేసరికి పాయింట్లు నల్లబడి, కథ మొదటికొచ్చింది. మల్టీమీటర్ కొని తానే కొలిచారు: బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, కాయిల్ ప్లస్ దగ్గర 12.4. పాత కాయిల్ ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పారే చుట్ట) 4.1 ఓమ్, కొత్తది 1.6 ఓమ్. 'ఓమ్‌లు తక్కువైతే కరెంటు ధారాళంగా పోతుంది కదా, కొత్తదే మెరుగు' అనుకున్నారు. మెకానిక్ ఇప్పుడు వైరింగ్ మొత్తం మార్చాలంటున్నాడు. అన్నయ్య పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ వేయమంటున్నాడు, లేదంటే అమ్మేయమంటున్నాడు. నాన్నగారేమో బండిని ఉన్నదున్నట్టు ఉంచమంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఎవరి మాట వినాలన్నది ఆయన ప్రశ్న.

సమాధానం:

ముందుగా ఒక మాట. మీ ఉత్తరంలో ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. ఒకటి కాయిల్ మార్చకముందు నుంచీ ఉన్నది. రెండోది కాయిల్‌తో పాటు వచ్చింది. రెండూ కలిసిపోవడం వల్లే ఏం చేసినా 'మళ్లీ అదే' అనిపిస్తోంది. వాటిని విడదీయకుండా వైరింగ్ మార్చినా, కిట్ వేసినా, ఏది దేనివల్ల బాగుపడిందో, ఏది ఇంకా మిగిలుందో మీకు తెలియదు.

మీరు రాసిన 1.6 ఓమ్ దగ్గర కాసేపు ఆగుదాం. మీటరు రెండు పిన్నులూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో చూడండి. సాధారణంగా 0.2 నుంచి 0.4 వరకు ఉంటుంది, అది పిన్నుల వైర్లదే. కాయిల్ రీడింగ్‌లోంచి అది తీసేయండి. అంటే మీ కొత్త కాయిల్ అసలు విలువ ఇంకా తక్కువ, 1.3 దగ్గర ఉండొచ్చు. పాయింట్లతో నడిచే 12 వోల్టుల బండికి ప్రైమరీ మామూలుగా 3 నుంచి 5 ఓమ్‌ల మధ్య ఉంటుంది. ఒకటిన్నర ఓమ్ కాయిల్ 6 వోల్టుల బండిదైనా అయ్యుండాలి, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌దైనా అయ్యుండాలి, లేదా వరసలో విడిగా, కరెంటును తగ్గించే ఒక బ్యాలస్ట్ రెసిస్టర్ ఉండే బండిదైనా అయ్యుండాలి. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, బోల్టు రంధ్రాలు కూడా కలుస్తాయి, అందుకే షాపులో పొరపాటు సులువు.

కరెంటు ధారాళంగా పోతుందన్న మీ లెక్క తప్పు కాదు. అదే ఇబ్బంది. 12.5ను 1.6తో భాగిస్తే దాదాపు 8 ఆంపియర్లు. కిక్ కొట్టేటప్పుడూ ఐడిల్‌లోనూ పాయింట్లు మూసుకుని ఉండే సమయం ఎక్కువ కాబట్టి కరెంటు ఆ స్థాయికి దగ్గరగా వెళ్తుంది. మామూలు సీబీ పాయింట్లు ఎక్కువ కాలం తట్టుకునేది 4 ఆంపియర్ల చుట్టుపక్కలే. రెట్టింపు కరెంటును తెగ్గొట్టాల్సి వస్తే పాయింట్ల మొహాలు కాలతాయి, కాలిన మొహాల మీద రెసిస్టెన్స్ పెరుగుతుంది, దాంతో స్పార్క్ మళ్లీ పడిపోతుంది. మొదటి రెండు రోజుల నీలం స్పార్క్, వారానికి నల్లబడిన పాయింట్లు, రెండింటికీ కారణం ఇదే. కాబట్టి ఆ కాయిల్ తీసి పక్కన పెట్టండి, పాతది తిరిగి బిగించండి. పాతదాన్ని పారేయలేదని రాశారు, అది మంచి పని.

పాత కాయిల్ బాగుందా అంటే, 4.1 ఓమ్ అన్నది ఆరోగ్యమైన అంకె. దాని సెకండరీ (ప్లగ్‌కు వేల వోల్టులు పంపే చుట్ట) కూడా చూడండి: ప్లగ్ క్యాప్ విప్పేసి, మందపాటి వైరు కొసకూ ప్రైమరీ టెర్మినల్‌కూ మధ్య కొలిస్తే సాధారణంగా 6 వేల నుంచి 15 వేల ఓమ్‌ల మధ్య రావాలి. మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్న అంకె దీనికంటే ప్రమాణం. ఈ కొలతకొక పరిమితి ఉంది. లోపలి ఇన్సులేషన్ వేల వోల్టులు వచ్చినప్పుడు మాత్రమే లీకయితే, మీటరు ఇచ్చే చిన్న వోల్టేజికి అది బయటపడదు. అందుకే బండి వేడెక్కి ఆగిన వెంటనే, కాయిల్ వైర్లు విప్పి మరోసారి కొలవండి. రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరగడం సహజం: 25 డిగ్రీల దగ్గర 4 ఓమ్ ఉన్నది 80 డిగ్రీలకు 4.8 దాటుతుంది. దాన్ని చూసి కంగారుపడొద్దు. మీటరు అసలు ఏమీ చూపించకపోయినా, వేలల్లో ఉన్న సెకండరీ ఒక్కసారిగా అనంతమైనా, లోపల తీగ తెగి వేడికి ఎడమవుతోందని అర్థం. అప్పుడు మార్చాల్సిందే, కానీ 3 నుంచి 5 ఓమ్‌ల కాయిల్‌తో.

ఇక మొదటి జబ్బు. దీన్ని పట్టించే ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది: హెడ్‌లైట్ వేస్తే త్వరగా ఆగిపోవడం. కాయిల్‌కు హెడ్‌లైట్ పడదన్నట్టు ఏమీ ఉండదు. రెండింటికీ కరెంటు ఒకే దారిలో వస్తోంది, ఆ దారిలో ఎక్కడో ఇరుకుంది.

'కాయిల్ దగ్గర 12.4 వస్తోంది కదా' అంటారు. అది కొలిచినప్పుడు పాయింట్లు తెరుచుకుని ఉన్నాయా, మూసుకుని ఉన్నాయా? ఇక్కడ చాలామంది బోల్తాపడతారు. పాయింట్లు తెరిచి ఉంటే కాయిల్‌లో కరెంటు పారదు. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన స్విచ్ కూడా పూర్తి వోల్టేజి చూపిస్తుంది. బరువు పెట్టకుండా తాడు గట్టిదో కాదో తేల్చినట్టే ఇదీ.

సరిగ్గా కొలవాలంటే ఇలా చేయండి. ప్లగ్ విప్పి, దాన్ని క్యాప్‌లోనే ఉంచి, ఇంజిన్ లోహానికి గట్టిగా ఆనేట్టు పెట్టండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా ఉండాలి, లోపలి నుంచి వచ్చే పెట్రోలు ఆవిరికి నిప్పంటుకోవచ్చు. బండిని టాప్ గేర్‌లో వేసి వెనక చక్రం మెల్లగా తిప్పుతూ పాయింట్లు మూసుకునే చోట ఆపండి. తాళం ఆన్, ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ రన్ మీద. ఇప్పుడు మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్ర పిన్ను బ్యాటరీ ప్లస్ స్తంభం మీద, నల్ల పిన్ను కాయిల్ ప్లస్ టెర్మినల్ మీద పెట్టండి. వచ్చే అంకె దారిలో పోతున్న వోల్టేజి. 0.3 లోపు ఉంటే బాగున్నట్టు. అర వోల్టు దాటితే వెతకాలి. ఒక వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. ఇదే కొలతను హెడ్‌లైట్ వేసి మళ్లీ తీసుకోండి. ఒక్కో కొలతకు పది సెకన్ల కంటే తాళం ఆన్‌లో ఉంచొద్దు, కదలని ఇంజిన్‌తో పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ ఊరికే వేడెక్కుతుంది. చాలా పాత విదేశీ బళ్లలో ప్లస్ ఎర్తు ఉంటుంది. మీది అలాంటిదైతే ఎర్తు కాని స్తంభం నుంచి కొలవాలి, తీరు మాత్రం అదే.

ఒక ఉదాహరణ. ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్టులో 0.3 ఓమ్ రెసిస్టెన్స్ చేరిందనుకోండి. కాయిల్ లాగే 3 ఆంపియర్లకు అక్కడ 0.9 వోల్టు పోతుంది. హెడ్‌లైట్ ఇంకో 4 ఆంపియర్లు లాగితే మొత్తం 7, పోయేది 2.1 వోల్టులు. కాయిల్‌కు మిగిలేది పదిన్నర లోపు. కాయిల్‌లో దాచుకునే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే వోల్టేజి ఆరో వంతు తగ్గితే స్పార్క్ శక్తి సుమారు 30 శాతం తగ్గుతుంది. దానికి తోడు వేడెక్కిన కాయిల్ రెసిస్టెన్స్ పెరిగి ఇంకాస్త కోస్తుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయ్యే బండి ఇరవై నిమిషాలకు ఎందుకు ఆగుతోందో ఈ లెక్కలోనే కొంత కనిపిస్తుంది.

ఎక్కడ పోతోందో పట్టడానికి ఎర్ర పిన్ను కదపకుండా నల్ల పిన్నును వరసగా జరపండి: ఫ్యూజు హోల్డరు అవతల, తాళం స్విచ్‌కు వచ్చే వైరు, తాళం స్విచ్ నుంచి పోయే వైరు, కిల్ స్విచ్ ఇవతల, అవతల, చివరికి కాయిల్. అంకె ఎక్కడ హఠాత్తుగా ఎగిరితే ఆ రెండు చుక్కల మధ్యే మీ సమస్య. పాత బళ్లలో ఇది చాలాసార్లు ఫ్యూజు హోల్డరు క్లిప్పులో, కిల్ స్విచ్‌లో, హెడ్‌లైట్ డోమ్‌లోని కనెక్టర్లలో దొరుకుతుంది. ఎర్తు వైపు కూడా మరవొద్దు: పాయింట్లు మూసుకుని ఉండగా కాయిల్ మైనస్ టెర్మినల్‌కూ బ్యాటరీ మైనస్ స్తంభానికీ మధ్య 0.2 వోల్టు మించకూడదు. మించితే పాయింట్ల మొహాలు మురికైనా అయ్యుండాలి, పాయింట్ ప్లేటు ఎర్తు, లేదా బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు పోయే ఎర్తు వైరు వదులైనా అయ్యుండాలి.

మెకానిక్ చెప్పిన 'వైరింగ్ మొత్తం' అన్నది ఇక్కడే తేలుతుంది. నష్టం ఒకటి రెండు కనెక్టర్ల దగ్గరే ఉంటే వాటిని విప్పి, గీకి, కొత్త టెర్మినల్ వేస్తే చాలు. నాలుగైదు చోట్ల కొంచెం కొంచెంగా పోతూ, వైర్ల తొడుగు గట్టిపడి వంచితే పగులుతూ ఉంటే ఆయన మాట నిజం, మార్చడమే మేలు. రెంటికీ మధ్య ఇంకో దారి ఉంది: రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. బ్యాటరీ ప్లస్ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా మందపాటి వైరు రిలే 30 నంబరు కాలికి, 87 నుంచి కాయిల్ ప్లస్‌కు. ఇప్పుడు కాయిల్‌కు వస్తున్న పాత వైరును 86కు, 85ను ఎర్తుకు. తాళం, కిల్ స్విచ్ ఎప్పటిలాగే పనిచేస్తాయి, కానీ వాటి గుండా రిలేకు కావాల్సిన కొద్దిపాటి కరెంటే పోతుంది. పాత వైరింగ్ మీద చెయ్యి వేయనక్కర్లేదు కాబట్టి నాన్నగారికీ అభ్యంతరం ఉండకపోవచ్చు. దీని లోటు ఏమిటంటే, బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు రిలే పట్టుకోదు. అప్పుడు తోసినా బండి లేవదు.

ఖర్చు పెట్టేముందు అనుమానం తీర్చుకోవాలంటే, బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజుతో ఒక వైరు నేరుగా కాయిల్ ప్లస్‌కు వేసి, అక్కడున్న పాత వైరు విప్పి, కొసకు టేపు చుట్టి ఇంటి చుట్టుపక్కలే నడిపి చూడండి. ఆగకుండా నడిస్తే ఫీడు దారిలోనే దోషం. అప్పుడు తాళంతో గానీ కిల్ స్విచ్‌తో గానీ బండి ఆగదు. ఆ వైరు పీకడమే మార్గం, చేతికందేలా పెట్టుకోండి.

పాయింట్లు, వాటి మధ్య మంట రేగకుండా చూసే కండెన్సర్ సంగతి. ఎనిమిది ఆంపియర్లతో కాలిన పాయింట్లను మార్చేయడమే మంచిది. గీకి వాడాలనుకుంటే ఒక మొహం మీద గుంట, ఎదురు మొహం మీద చిన్న గుట్ట ఉంటాయి చూడండి. ఆ గుట్ట మీద ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే రేకు) పెట్టి కొలిస్తే అంకె అబద్ధం చెబుతుంది. ముందు సన్నటి పాయింట్ ఫైలుతో సమం చేయాలి. కొత్త పాయింట్లకు కంపెనీ రాసిన నూనె పొర ఉంటుంది, తెల్ల కాగితం ముక్కకు కాస్త పెట్రోలు అద్ది మొహాల మధ్య లాగండి, కాగితం తెల్లగా వచ్చేదాకా. గ్యాప్ పూర్తిగా తెరుచుకున్న చోట 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య చాలా బళ్లకు సరిపోతుంది, అయినా మీ సర్వీసు పుస్తకం చూసుకోండి. గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది, గ్యాప్ పెరిగితే స్పార్క్ ముందుకు జరుగుతుంది. కాబట్టి గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. ఒక చిన్న 12 వోల్టుల బల్బును పాయింట్ వైరుకూ ఎర్తుకూ మధ్య కలిపితే, పాయింట్లు తెరుచుకునే క్షణానే వెలుగుతుంది. టైమింగ్ గుర్తు దగ్గరే వెలిగేట్టు ప్లేటు జరపాలి. క్యామ్ మీద గ్రీజు అణువంత చాలు. ఎక్కువైతే వేడికి కరిగి పాయింట్ల మీదే చిమ్ముతుంది, ఆ నలుపు వేరు, కరెంటుతో కాలిన నలుపు వేరు: గ్రీజు నలుపు వేలికి జిడ్డుగా అంటుకుంటుంది.

కండెన్సర్ చిన్న వస్తువు, నస మాత్రం పెద్దది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కగానే లీకయ్యే అలవాటు దానిది. విడిచి కొలిస్తే 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్ మధ్య రావాలి. కెపాసిటీ సరిగ్గా చూపించినా వేడికి లీకవదని హామీ లేదు. బండి ఆగిన వెంటనే పాయింట్ కవరు తీసి ఎవరినైనా కిక్ కొట్టమనండి. పాయింట్ల మధ్య చిన్న మినుకు సహజం. వెలుతురులో కూడా కనిపించేంత నీలం మంట వస్తే కండెన్సర్ పోయింది, లేదా దాని బాడీకి ఎర్తు సరిగ్గా లేదు. దాని ధర తక్కువే కాబట్టి పాయింట్లతో పాటే మార్చేయడం నా సలహా. ఇంజిన్ వేడి తగిలే చోటు నుంచి తీసేసి, కాయిల్ పక్కనే ఫ్రేముకు బిగించి, కాయిల్ మైనస్‌కు కలిపినా పని ఒకటే: విద్యుత్తు లెక్కన అది పాయింట్ వైరు కలిసే చోటే. బాడీ ఎర్తు మాత్రం గీకి పట్టించాలి.

ప్లగ్ క్యాప్‌ను ఎవరూ అనుమానించరు. దాన్ని వైరు నుంచి తిప్పి ఊడదీసి, ఈ చివర నుంచి ఆ చివరకు కొలవండి. లోపల రెసిస్టర్ ఉన్న రకమైతే సుమారు 5 వేల ఓమ్ రావాలి. ముప్పై వేలు చూపించినా, అసలు చూపించకపోయినా మార్చేయండి. వైరు కొసను అరంగుళంలో సగం కత్తిరించి, కొత్త రాగి కనిపించేలా మళ్లీ బిగించండి.

ఇవన్నీ అయ్యాక బండి ఇంకా ఆగితే, ఆగిన చోటే ఒక పరీక్ష ఉంది. రంగు చూసి తేల్చొద్దు, ఎండలో నీలం స్పార్క్ కూడా వెలవెలబోతుంది. క్యాప్ తీసేసి, వైరు కొసను ఇంజిన్ లోహానికి 6 మిల్లీమీటర్ల దూరంలో నిలిపి కిక్ కొట్టండి. పట్టుకోవడానికి కర్ర లాంటి కరెంటు పారనిది వాడండి, చేత్తో పట్టుకోవద్దు. ఆ ఎడం దూకి టక్కున చప్పుడు వస్తే, ఆ నిమిషానికి ఇగ్నిషన్‌ది తప్పు కాదు. అప్పుడు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి, మూత తెరవగానే లోపలికి గాలి లాక్కున్న చప్పుడు వస్తుంది. అదీ కాకపోతే ఎగ్జాస్ట్ వాల్వు క్లియరెన్సు, చల్లని ఇంజిన్ మీద. బిగువుగా ఉన్న వాల్వు వేడెక్కాక పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, అచ్చం మీ బండిలాగే ప్రవర్తిస్తుంది. 6 మిల్లీమీటర్లు దూకకపోతే అక్కడే కాయిల్ వేడి రీడింగ్, పాయింట్ల మంట, వోల్టేజి నష్టం, మూడూ చూసేయండి. చల్లారాక చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

అన్నయ్యగారి మాటకు వస్తాను. ఎలక్ట్రానిక్ కిట్ చెడ్డదేమీ కాదు. పాయింట్ల గ్యాప్ అరగడం, మాటిమాటికీ సరిచేయడం తప్పుతుంది, టైమింగ్ నిలకడగా ఉంటుంది. కానీ మీ జబ్బుకు అది మందు కాదు. కాయిల్‌కు పదిన్నర వోల్టులే వస్తుంటే కిట్ వేసినా అవే వస్తాయి. పైగా చాలా మాడ్యూళ్లు బ్యాటరీ బాగా దిగితే పాయింట్ల కంటే ముందే మొండికేస్తాయి, దారిలో చెడితే బాగుచేయడానికి ఏమీ ఉండదు. పాయింట్లయితే ఒక స్క్రూడ్రైవరు, కాగితం ముక్కతో ఇంటికి తెచ్చుకోవచ్చు. వేయాలనే నిర్ణయిస్తే వోల్టేజి నష్టం సరిచేశాకే వేయండి, కిట్ పత్రంలో చెప్పిన ఓమ్‌ల కాయిల్, రెసిస్టర్ ఉన్న క్యాప్ తప్పనిసరి. మీరు పక్కన పెట్టిన ఒకటిన్నర ఓమ్ కాయిల్ కూడా కొన్ని కిట్లకు సరిపోవచ్చు. పాయింట్ ప్లేటు, కండెన్సర్ ఒక డబ్బాలో వేసి సీటు కింద పెట్టండి, నాన్నగారు ఎప్పుడైనా అడిగితే గంటలో వెనక్కి మార్చుకోవచ్చు.

అమ్మడం గురించి తొందర వద్దు. వేడెక్కి ఆగిపోయే బండికి కొనేవాడు చెప్పే ధర ఒకటి, బాగా నడిచే బండికి చెప్పే ధర ఇంకొకటి. కాబట్టి అమ్మాలన్నా ముందు ఇదంతా చేయాల్సిందే. ఈ వారం చేయాల్సింది మాత్రం తక్కువ: పాత కాయిల్ బిగించి, పాయింట్లూ కండెన్సరూ కొత్తవి వేసి, పాయింట్లు మూసుకుని ఉండగా హెడ్‌లైట్ లేకుండా ఒకసారి, వేసి ఒకసారి ఆ వోల్టేజి నష్టం కొలవండి. ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని మెకానిక్ దగ్గరకు వెళ్లండి. వైరింగ్ మొత్తమా, రిలే ఒకటా, రెండు కనెక్టర్లా అన్నది ఆయనతో వాదించనక్కర్లేకుండా అక్కడే తేలిపోతుంది.